వీధి మలుపు దాకా

హాస్టలు, రెండో అంతస్తు
జూన్ 14

మావయ్యకి నమస్కారాలు.

నిన్న సాయంత్రం క్షేమంగా చేరాను. ఫోను చేద్దామనుకున్నాను గానీ, ముప్ఫై ఏళ్ళు మిషన్ల మోత విన్న నీ చెవులకి ఫోనులో చెప్పడం కంటే ఉత్తరం రాయడమే మేలు. ఫోనులో నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు, విన్నావో లేదో దేవుడికెరుక. ఉత్తరమైతే కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదువుతావు.

వారం రోజులు మీ కృత్రిమ కాళ్ళ వర్క్‌షాపులో స్టాప్‌వాచీ పట్టుకుని అందరి వెనకాల తిరగనిచ్చావు. మేస్త్రి మేనకోడలు కాబట్టి ఎవరూ విసుక్కోలేదు. నా కాగితాలు చూసి మా సార్ చాలా సంతోషించారు. మనిషి పనెందుకు చేస్తాడు, ఎందుకు మానేస్తాడు అనేదే ఈ ఏడాది నా ప్రాజెక్టు. క్లాసులో మొదటి స్థానం వచ్చిన ప్రాజెక్టుకి పరిశోధన సీటు ఇస్తారు. ఆ సీటు నాకు కావాలి మావయ్యా. ఇంకేదీ అక్కర్లేదు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. మనిషి అవసరాలు మెట్లలా ఉంటాయని ఒక సిద్ధాంతం. ముందు ఆకలి, తర్వాత భద్రత, తర్వాత నలుగురిలో ఒకడిగా ఉండటం, ఆ పైన గౌరవం. మీ వాళ్ళు మొదటి మూడు మెట్లూ ఎక్కేశారు, గౌరవం మెట్టు దగ్గర ఆగిపోయారు. ఇంకో సిద్ధాంతం ప్రకారం ఫ్యాను, మంచినీళ్ళు లేకపోతే జనం గొణుగుతారు గానీ, ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు. చేస్తే అవుతుందనీ, అయితే ఏదో దక్కుతుందనీ, ఆ దక్కేది తనకి కావలసిందేననీ మూడు నమ్మకాలు కలిస్తేనే చెయ్యి కదులుతుందట. మీ దగ్గర ఎవరు ఎన్ని కాళ్ళు పూర్తి చేశారో ఎవరికీ కనపడదు. ఎక్కువ చేసినవాడికీ తక్కువ చేసినవాడికీ ఒకటే నెల జీతం.

అందుకని గోడకి ఒక బోర్డు పెట్టు. అందరి పేర్లూ రాయి. కాలు పూర్తయి హాల్లో మనిషి నడిచి సంతకం పెట్టగానే ఆ పేరు పక్కన ఒక ఎర్ర గుండీ గుచ్చు. వారంలో ఎక్కువ గుండీలు వచ్చినవాళ్ళకి శనివారం మధ్యాహ్నం సెలవు. మేనేజరు గారు ఒప్పుకున్నారు. కాలు కోసం నాలుగు నెలలు బెంచీ మీద ఎదురుచూసే వాళ్ళకీ మేలే కదా.

నా పరిశీలన కాగితం నకలు జతచేస్తున్నాను. ఎవరి చేతిలో ఎంతసేపు పని ఉంది, ఎంతసేపు లేదు అన్నది అందులో ఉంది. వారం వారం లెక్కల ఫారం నింపి పంపడం మాత్రం మర్చిపోకు.

నీ పిట్ట


వర్క్‌షాపు, మేస్త్రి బల్ల
జూన్ 27

చిరంజీవి పిట్టకి మావయ్య దీవెనలు.

పిట్ట కొంచెం, కూత ఘనం అని నీకు చిన్నప్పుడే పేరు పెట్టాను. తప్పు పెట్టలేదు. నీ మెట్ల కథ మీ అత్తకి చదివి వినిపిస్తే, "అన్ని మెట్లూ ఎక్కినవాడికి మోకాళ్ళ నొప్పులకి ఏ సిద్ధాంతం ఉందో అడగండి" అంది.

బోర్డు పెట్టాం. మొదటి రోజు అందరూ వంకరగా చూశారు. రెండో రోజు చకచక గాడు వచ్చీ రాగానే బోర్డు ముందు నిలబడ్డాడు. వాడికి ఆ పేరు నువ్వే పెట్టావు, ప్లాస్టరు ఆరకముందే అచ్చు విప్పేస్తాడని. మూడో రోజుకి మధ్యాహ్నం కబుర్లు తగ్గాయి. వారం తిరిగేసరికి పదకొండు గుండీలు. ఇదివరకు వారానికి ఏడు కాళ్ళు దాటితే పండగ చేసుకునేవాళ్ళం. చకచక శనివారం సెలవు తీసుకుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ ఇక్కడికే వచ్చి కూర్చున్నాడు.

నీ పరిశీలన కాగితం అందరినీ కూర్చోబెట్టి చదివాను. నవ్వలేక చచ్చాం. నా పేరు దగ్గర "అరవడం, రోజుకి నలభై నిమిషాలు" అని రాస్తావా? నెమ్మది పనికి ఆ పేరు పడ్డ మన నిదానం పేరు దగ్గర "తలుపు వద్ద నిలబడటం, రోజుకి గంటన్నర, చేతిలో పని లేదు" అని రాగానే చకచక బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు. "ముప్ఫై ఏళ్ళకి దొరికావయ్యా నిదానం" అన్నాను నేను. అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

అతను అక్కడ ఎందుకు నిలబడతాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కాలు పెట్టుకున్న మనిషి బయటికి వెళ్ళి, టీ కొట్టు దాటి, వీధి మలుపు తిరిగేదాకా చూస్తాడు. నడకలో తేడా కనపడితే చప్పట్లు కొట్టి వెనక్కి పిలుస్తాడు. నీ పరిశీలన కాగితంలో దానికి గడి లేదు. పోనీలే, నవ్వుకోవడానికి పనికొచ్చింది.

బాగా తిను. ఫారం జతచేశాను.

మావయ్య


హాస్టలు
జూలై 30

మావయ్యకి,

నాలుగు వారాల ఫారాలూ అందాయి. గ్రాఫు గీస్తే గీత నిచ్చెనలా పైకి పోయింది. మా సార్ దాన్ని క్లాసంతటికీ చూపించారు. పక్క గది అమ్మాయి పాపం బట్టల దుకాణం మీద చేస్తోంది, ఆమె గీత పడుకున్న పాములా ఉంది. నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది.

అన్నిటికంటే ఆశ్చర్యం నిదానం బాబాయి. నిదానమే ప్రధానం అంటూ నెలకి నాలుగు చేసే మనిషి ఏడు చేశాడా? మా సార్ రెండుసార్లు అడిగారు, అంకె సరిగ్గా వేశావా అని. బాబాయికి కూడా గౌరవం మెట్టు కావాల్సి వచ్చిందన్నమాట. ఆయన ఎలా ఉన్నాడు? బోర్డు చూసి ఏమంటున్నాడు? ఊరికే అడుగుతున్నాను.

ఒక చిన్న సంగతి. మనిషి ఇష్టంతో చేసే పనికి పైనుంచి బహుమతి కట్టబెడితే ఆ ఇష్టం ఎండిపోతుందని కూడా మాకు ఒక పాఠం ఉంది. లోపలి ప్రేరణ, బయటి ప్రేరణ అంటారు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న వస్తే పదికి పది తెచ్చుకున్నాను. మీ వాళ్ళకి అది వర్తించదులే, సెలవే కదా ఇస్తున్నది.

నీ పిట్ట


వర్క్‌షాపు
సెప్టెంబరు 9

చి. పిట్టకి దీవెనలు.

ఆగస్టు ఫారాలు జతచేశాను. అందరూ క్షేమం. వర్షాలు ఎక్కువగా ఉన్నాయి.

మావయ్య


హాస్టలు
అక్టోబరు 3

మావయ్యకి,

నీ ఉత్తరం మా వార్డెన్ నోటీసులా ఉంది. "వర్షాలు ఎక్కువగా ఉన్నాయి" అట. వర్షాల సంగతి నేను అడిగానా? అత్తతో ఏమైనా గొడవా? ఒంట్లో బాగాలేదా?

నాకు మాత్రం మంచి వార్త. ప్రాజెక్టు ఇచ్చేశాను, మొదటి స్థానం నాదే. కాలేజీ నోటీసు బోర్డు మీద అందరికంటే పైన నా పేరు ఉంది. ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాను. గదికి వచ్చాక మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను. నిజం చెప్పాలంటే సంతోషం అంతసేపే ఉంది. సాయంత్రానికి, తర్వాత దేనికి మొదటి స్థానం తెచ్చుకోవాలా అని వెతుక్కుంటున్నాను.

ఇది వదిలెయ్. బాబాయికి చెప్పు, ఆయన ఏడు కాళ్ళే నా ప్రాజెక్టుని నిలబెట్టాయని. సంతోషిస్తాడు.

నువ్వు మాత్రం సరైన ఉత్తరం రాయి.

పిట్ట


ఇల్లు, వసారా
అక్టోబరు 11

పిట్టా,

ఇంటి నుంచి రాస్తున్నాను. వర్క్‌షాపులో ఆ బోర్డు ఎదురుగా కూర్చుని రాయలేకపోయాను. రెండు నెలలుగా నీకు అబద్ధం చెప్పలేదు గానీ నిజమూ చెప్పలేదు. నీ చదువు చెడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం సిగ్గు.

జూలై మొదట్లో ఒక టీచరమ్మ వచ్చింది. నలభై దాటాయి. షుగరు వల్ల కుడి కాలు మోకాలి కింద తీసేశారు. "బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పాలండీ, కూర్చుని చెబితే వెనక బెంచీ వాళ్ళు వినరు" అంది. నిదానం చేశాడు. హాల్లో రెండు కడ్డీల మధ్య చక్కగా నడిచింది. సంతకం పెట్టింది. నేనే గుండీ గుచ్చాను. ఆమె మెట్లు దిగుతుంటే నిదానం లేచి తలుపు వైపు రెండడుగులు వేశాడు. బోర్డు వైపు చూశాడు. వెనక్కి వచ్చి తర్వాతి అచ్చు పట్టుకున్నాడు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

హాల్లో మనం చూస్తున్నామని అందరూ బాగానే నడుస్తారు. బయటికి వెళ్ళాక వాళ్ళ నడక వాళ్ళు నడుస్తారు. ఆమె బయట పాదాన్ని పక్కకి తిప్పి వేసేదట. కాలు దూర్చే సాకెట్ లోపలి అంచు మోకాలి వెనక ఒరుసుకుంది. షుగరు మనిషికి నొప్పి తెలియదు. తెలిసేసరికి పుండు లోపలికి దిగింది. ఆగస్టు ఆఖరున ఆస్పత్రిలో చేర్చారు. మోకాలు కూడా తీసెయ్యాల్సి రావచ్చని డాక్టర్లు అన్నారు. మోకాలు ఉంటే మా కాలుతో నడవొచ్చు. మోకాలు పోతే మా కాలుని మోసుకు తిరగాలి. ఇన్నేళ్ళ పనిలో ఈ తేడా నాకు బాగా తెలుసు.

నిదానం, నేను చూడ్డానికి వెళ్ళాం. ఆవిడే మమ్మల్ని ఓదార్చింది. "కొంచెం తేడాగానే ఉందండీ, అంత కష్టపడి చేసిచ్చారు, మళ్ళీ వచ్చి విసిగించడం ఎందుకని ఊరుకున్నాను" అంది. మర్నాడు పొద్దున్నే నిదానం వచ్చి, అంచులు అరగదీసే తన ఆకురాళ్ళన్నీ బ్రష్షుతో శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి, చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "మేస్త్రీ, ఆవిణ్ణి నేను మలుపు దాకా చూడలేదు" అన్నాడు. అంతే. మళ్ళీ రాలేదు. నెల దాటింది.

ఇంకొకటి ఉంది. నీ కాగితం చదివి నవ్విన రోజు సాయంత్రం, అందరూ వెళ్ళాక నిదానం నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మేస్త్రీ, నేను తలుపు దగ్గర నిలబడటం వల్ల మనకి నష్టమా?" అని అడిగాడు. అడిగినప్పుడు నేను మేనేజరుకి పంపే అంకెలు కూడుతున్నాను. తలెత్తకుండా, "ఆ టైములో ఇంకో కాలు అవుతుంది కదయ్యా" అన్నాను. మేనేజరు నన్ను నలుగురిలో మెచ్చుకున్నాడు ఆ నెల. నాకు ఎప్పుడూ ఎవరూ అలా చెప్పలేదు. ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది. నీ మెట్టేదో నేనే ఎక్కాను పిట్టా, నిదానం కాదు.

నీ మొదటి స్థానానికి సంతోషించాలి. రేపు సంతోషిస్తాను.

మావయ్య


హాస్టలు
అక్టోబరు 17

మావయ్యా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. పక్క గది అమ్మాయి అన్నం తెచ్చి పెడుతోంది. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. టీచరమ్మ పుండు మీద వాలి నేను మార్కులు తిన్నాను. ఆ ఏడు కాళ్ళలో ఒకటి ఆవిడది. నా గీతలో ఆవిడ ఒక చుక్క. ఏ చుక్కో కూడా నాకు తెలుసు, జూలై నాలుగో వారం. ఆ చుక్క దగ్గరే మా సార్ పెన్ను పెట్టి "భేష్" అన్నారు.

నిన్ను నువ్వు తిట్టుకున్నావు. నేను చేసింది వింటే నన్ను తిడతావు. నా పరిశీలన కాగితంలో గడి లేదని నువ్వు అనుకున్నావు. ఉంది మావయ్యా. చివర్లో "ఇతర వివరాలు" అని సన్నటి గడి ఉంది. మొదటి రోజే అందులో పెన్సిలుతో రాశాను, "మనిషిని మలుపు దాకా చూస్తున్నాడు, ఇదీ పనే" అని. అదే రోజు సాయంత్రం దాన్ని చెరిపేశాను. అది పని అయితే మీ వర్క్‌షాపులో వృథా అయ్యే సమయం సగానికి సగం తగ్గిపోతుంది. తగ్గితే బోర్డు పెట్టడానికి కారణం లేదు. కారణం లేకపోతే ప్రాజెక్టు లేదు. ఇదంతా రబ్బరు పట్టుకున్న ఒక్క నిమిషంలో ఆలోచించాను. నీకు పంపిన నకలు చెరిపిన తర్వాత తీసింది.

ఎవరో తెలియని మనిషి గురించి అలా చేసినా ఒక రకం. బాబాయి నాకు ఎవరు? బడి నుంచి వచ్చి ఆయన పక్కన గుమ్మంలో నిలబడేదాన్ని. మడమ ముందు ఆనుతోందా, వేళ్ళు ముందు ఆనుతున్నాయా చూడమని నేర్పింది ఆయనే. నేను చప్పట్లు కొట్టి పిలిస్తే పెద్ద పెద్ద మనుషులు వెనక్కి తిరిగి వచ్చేవాళ్ళు. ఆయన చేతులు ఖాళీగా ఉన్నప్పుడు ఆయన ఏం చేస్తున్నాడో ఈ లోకంలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆ చేతుల ఎదురుగా "లేదు" అని టిక్కు పెట్టాను.

టీచరమ్మ మోకాలు సంగతి ఏమైంది? అది మాత్రం వెంటనే రాయి. దాచకు.

పిట్ట


ఇల్లు, వసారా
నవంబరు 2

చి. పిట్టకి,

ముందు నువ్వు అడిగింది. మోకాలు దక్కింది. పుండు మానడం మొదలైందని నిన్న డాక్టరు చెప్పాడు. మూడు నెలలదాకా ఏ కాలూ తొడగకూడదు. రోజంతా నిలబడి పాఠం చెప్పడం ఇక కుదరదన్నాడు. ఆవిడ అప్పుడు మొహం గోడ వైపు తిప్పుకుంది.

నిన్ను తిట్టలేదు. తిట్టడానికి కూర్చుంటే నా సంగతే గుర్తొచ్చింది. నువ్వు గుమ్మంలో నిలబడే రోజులు రాశావు. ఎందుకు మానేశావో రాయలేదు. నీకు గుర్తులేదేమో. నాకుంది.

నీకు ఎనిమిదేళ్ళు. నడకలో తప్పు పట్టుకుంటున్నావని నేను పొంగిపోయాను. ఊరుకోక ఒక రంగు పెన్సిళ్ళ పెట్టె కొన్నాను. తప్పు పట్టిన ప్రతిసారీ ఒక పెన్సిలు అన్నాను. మొదటి రోజు ఒకటి, రెండో రోజు మూడు. నాలుగో రోజుకి బాగా నడిచే మనిషిని కూడా చప్పట్లు కొట్టి వెనక్కి పిలవడం మొదలెట్టావు. ఒక ముసలాయన నీ పిలుపుకి రెండుసార్లు మెట్లెక్కి వచ్చాడు. ఆరోజు నిదానం నాతో, "మేస్త్రీ, ఆ పెన్సిళ్ళు ఆపండి, పిల్ల కళ్ళు పాడవుతాయి" అన్నాడు. నేను నవ్వాను. ఎప్పుడూ నవ్వుతూనే ఉన్నాను కదా. పెట్టె ఖాళీ అయింది. మర్నాటి నుంచి నువ్వు గుమ్మం దగ్గరికి రాలేదు. ఆడుకోవడానికి పోయిందిలే అనుకున్నాను. తర్వాత పదో తరగతికి సైకిలు, ఇంటరుకి వాచీ. పరీక్ష పరీక్షకీ నీ ముందు ఏదో ఒకటి వేలాడదీస్తూనే ఉన్నాను. సాయంత్రానికల్లా తర్వాతి మొదటి స్థానం వెతుక్కుంటున్నానని రాశావు చూడు, ఆ మాట చదివి మీ అత్త నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

బోర్డు తీసేశాను. మేనేజరు అడిగితే మేకు ఊడిపోయిందన్నాను. మర్నాడు వెళ్ళి, ఊడలేదు, నేనే పీకానని చెప్పాను. ఆయన బెంచీ మీద ఎదురుచూసే వాళ్ళ మాటేమిటన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. చకచక ఒక్కడే కొంచెం దిగాలు పడ్డాడు.

నిదానం ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి నీ మొదటి మెట్టు ప్రయోగించాను, జీతం లేకుండా ఎన్నాళ్ళుంటావు అని. కూతురు ఇంట్లో తింటున్నానన్నాడు. రెండోసారి గౌరవం మెట్టు, నిన్ను తనిఖీ మేస్త్రిని చేస్తానన్నాను. పాత మేకులు సైజుల వారీగా డబ్బాల్లో వేసుకుంటూ, "మీ దయ" అన్నాడు. మూడోసారి నీ మెట్లు అయిపోయాయి. ఊరికే కూర్చుని మేకులు ఏరిపెట్టి వచ్చాను.

నీ మార్కుల సంగతి నీ ఇష్టం. నేనేం చెప్పను. ఇన్నాళ్ళూ చెప్పిందే ఎక్కువ.

మావయ్య


హాస్టలు
నవంబరు 20

మావయ్యకి,

పెన్సిళ్ళు నాకు గుర్తే. ముసలాయన కూడా గుర్తే. ఆయన రెండోసారి మెట్లెక్కుతూ నావైపు చూసి నవ్వాడు. ఆయన్ని పిలిచినందుకు వచ్చిన పెన్సిలు ఊదా రంగుది. దాన్ని ఎప్పుడూ చెక్కలేదు. ఎందుకో తెలియదనుకునేదాన్ని.

మా సార్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. చెరిపిన సంగతి, టీచరమ్మ సంగతి. ఆయన కళ్ళజోడు తీసి, ఫలితాలు ఫలితాలేనమ్మా, ఇలాంటివి జరుగుతుంటాయి, కింద చిన్న అక్షరాలతో ఒక వివరణ పెట్టు చాలు అన్నారు. కింద చిన్న అక్షరాలతో పెట్టడానికి అదేమైనా లెక్కా, ఒక మనిషి కాలు సార్ అన్నాను. మార్కులు వెనక్కి ఇచ్చేశాను. మొదటి స్థానం పక్క గది అమ్మాయికి వెళ్ళింది. పరిశోధన సీటు కూడా. ఆమె వచ్చి సంతోషించాలో బాధపడాలో తెలియక నా మంచం మీద కూర్చుని ఏడ్చింది. ఆ పాము గీతలో ఆమె ప్రతి చుక్కా నిజంగా వేసింది.

గొప్ప పని చేశానని రాయడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఇంకా చెప్పనా? సార్ గదిలో నిజం చెబుతున్నంతసేపూ, ఇప్పుడు మెచ్చుకుంటారు, ఎంత నిజాయితీ అంటారు అని ఎదురుచూశాను. అనలేదు. తలుపు దగ్గరకి వేసి వస్తుంటే నాకు కోపం వచ్చింది, ఆయన మీద. మెట్ల మీద కూర్చుండిపోయాను. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఎవరో ఒక పెన్సిలు ఇవ్వాలి నాకు.

ప్రాజెక్టు మళ్ళీ చెయ్యాలి, ఏడాది వెనకబడ్డాను. ఫరవాలేదు.

దీనితో పాటు నా పరిశీలన కాగితం అసలు పంపుతున్నాను. చెరిపిన చోట అదే మాట సిరాతో మళ్ళీ రాశాను. బాబాయికి ఇవ్వు. క్షమించమని అడగొద్దు నా తరఫున. అడిగితే ఆయన క్షమించేస్తాడు. ఊరికే ఇవ్వు.

పిట్ట


వర్క్‌షాపు, గుమ్మం దగ్గర కుర్చీ
ఫిబ్రవరి 26

చి. పిట్టకి మావయ్య దీవెనలు.

ఆలస్యానికి ఏమీ అనుకోకు. చెప్పడానికి ఏదైనా ఉన్నాక రాద్దామని ఆగాను.

నీ కాగితం నిదానానికి ఇచ్చాను. వెలుతురులోకి ఎత్తి చూశాడు. "చెరిపిన చోట పల్చబడింది, సిరా అవతలికి దిగింది" అన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు, "ఆ బోర్డు పెట్టినప్పటి నుంచి నేను మానేసేదాకా మన దగ్గర్నుంచి ఎంతమంది వెళ్ళారు మేస్త్రీ?" అని అడిగాడు. రిజిస్టరు చూసి రేపు చెబుతానన్నాను. "నూట ముప్ఫై ఒకటి. ఇంట్లో కూర్చుని లెక్కేసుకున్నాను. టీచరమ్మ ఒక్కరే ఎందుకవుతారు? మిగతా నూట ముప్ఫై మందినీ మలుపు దాకా ఎవరు చూశారు?" అన్నాడు.

పిట్టా, నేను ఒక్క కాలు గురించే కుమిలిపోతున్నాను ఇన్నాళ్ళూ. మిగతావి నాకు తట్టనేలేదు.

వాళ్ళందరినీ పిలిస్తేనే వస్తానన్నాడు. రిజిస్టరు ముందేసుకుని నేనే ఉత్తరాలు రాశాను, ఒక్కొక్కటీ నా చేత్తో. "మీ కాలు బాగానే ఉందనుకున్నా సరే, ఒక్కసారి వచ్చి మా ముందు వీధిలో నడవండి" అని. మీ అత్త అంటించింది. అడ్రసులు చకచక గాడు రాశాడు, గుండీల్లో ఎక్కువ వాడివే కదా, రాసేకొద్దీ వాడి వేగం తగ్గిపోయింది. పంతొమ్మిది ఉత్తరాలు తిరిగొచ్చేశాయి, అడ్రసులో మనిషి లేరని. వాటిని సొరుగులో పెట్టుకున్నాను. పారెయ్యలేను.

టీచరమ్మ రెండు వారాల కిందట వచ్చింది. నిదానం అప్పటికే ఆవిడ కొత్త కాలు చేసి ఉంచాడు, ఇరవై రోజులు పట్టింది. హాల్లో నడిచింది. సంతకం పెట్టబోతే రిజిస్టరు మూసి, "ముందు బయట" అన్నాడు. అతను గుమ్మంలో నిలబడితే మేమంతా అతని వెనక నిలబడ్డాం. టీ కొట్టు దాకా వెళ్ళింది, చప్పట్లు కొట్టాడు. వెనక్కి వచ్చింది. ఆకురాయితో రెండు గీతలు గీసి మళ్ళీ పంపాడు. అలా మూడుసార్లు. మూడోసారి ఆవిడకి విసుగొచ్చి, "మా పిల్లల్ని కూడా నేను ఇన్నిసార్లు తిప్పి రాయించనండీ" అంది. నాలుగోసారి చప్పట్లు వినపడలేదు. ఆవిడ టీ కొట్టు దాటి, మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, పిలుస్తామేమోనని చూసి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఇప్పుడు రోజుకి రెండు పాఠాలు నిలబడి చెబుతోందట, మిగతావి కూర్చుని. ఆ మిగతావి ఎప్పుడు తలుచుకున్నా నాకు అన్నం సహించదు. సహించకూడదు కూడా.

టీచరమ్మతో కలిపి ఇప్పటికి నలభై ఆరుగురు వచ్చి నడిచి వెళ్ళారు. అందులో పదమూడు మందిని నిదానం వెనక్కి పిలిచాడు. ఇద్దరికి పుండు మొదలవుతోంది, టైముకి దొరికారు. ఇంకా అరవై ఆరుగురు రావాలి. నిదానం కళ్ళు మునుపటిలా లేవు, మలుపు దాకా సరిగ్గా ఆనడం లేదు. మాకు చెప్పడు. చకచకని పక్కన నిలబెట్టుకుని "ఏమిటి కనపడుతోంది చెప్పు" అంటున్నాడు, వాడికి నేర్పుతున్నట్టు. నిన్న పని ఆపి చేతులు తుడుచుకుంటూ నాతో, "మడమ సంగతి పిల్లకి బాగా తెలుసు. సెలవులు ఎప్పుడు?" అని అడిగాడు.

సెలవులు ఇవ్వగానే రా. గుమ్మంలో అతని ఎడమ పక్క చోటుంది, కుడి పక్క చకచక నిలబడుతున్నాడు. ఎంతమందిని వెనక్కి పిలిచావో ఎవరూ రాసుకోరు, బాగా చూశావని నేనూ అనను. పెన్సిళ్ళు ఉండవు.

మావయ్య